ఎక్స్ నెత్తిన ఉండాల్సిన రెండు

ప్రెస్సు పనివాళ్ళ సంఘం వాళ్ళు మా బాబాయి గురించి ఒక పేజీ రాసిమ్మన్నారు. సంఘం పెట్టి యాభయ్యేళ్ళయిందని సంచిక వేస్తున్నారట. పైన ఫోటో, కింద పదిహేను లైన్లు, అంతే చోటు. రాసిచ్చాను. పద్దెనిమిదో ఏట కంపోజిటరుగా చేరాడు, ముప్పయ్యేళ్ళు ఒకే ప్రెస్సులో నిలబడి పనిచేశాడు, ఒక్క తప్పు కూడా లేకుండా అక్షరాలు పేర్చాడు, పెళ్ళి చేసుకోలేదు, అన్నకూతుర్ని సొంత కూతురిలా చూసుకున్నాడు, డెబ్బయ్యో ఏట పోయాడు. సంఘం కార్యదర్శి చదివి, “ఒక్క తప్పు కూడా లేకుండా అన్నారు చూడండి, అది భలే ఉందండీ” అన్నాడు. ఆ పేజీ మొత్తంలో అబద్ధం అదొక్కటే.

ఆ అన్నకూతుర్ని నేనే. ఆయన బతుకు మొత్తంలో చేసిన ఒక్క తప్పూ వచ్చి నా మీదే పడింది. ఆ సంగతి ఆయనకి ముప్పయ్యయిదేళ్ళుగా తెలుసు. నాకు పోయిన ఏడాదే తెలిసింది. తెలిశాక నేనేం చేశానో కూడా చెప్పాలి. లేకపోతే ఇది కూడా సంఘం వాళ్ళ పేజీలాగే తయారవుతుంది.

ప్రెస్సులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ‘బిగింపు’ అనేవాళ్ళు. ఆ రోజుల్లో అచ్చంటే సీసం అక్షరాలు. గూళ్ళ పెట్టెలోంచి ఒక్కొక్క అక్షరం ఏరి, వరస పేర్చి, ఇనప చట్రంలోకి దించి, చుట్టూ చెక్కముక్కలు పెట్టి తాళంచెవితో బిగించేవాళ్ళు. బిగించిన ఆ చట్రాన్ని ఫారం అంటారు. మిషను ఊపుకి ఆ బిగింపు సడలుతుంది. మిషను ఆగితే చెక్క ఆరి సడలుతుంది. సడలిందంటే ఏదో ఒక చిన్న అక్షరం సిరా రోలరుకి అంటుకుని లేచొచ్చేస్తుంది. మిగతావాళ్ళు పొద్దున్నే ఒకసారి బిగించి చేతులు దులుపుకునేవాళ్ళు. మా బాబాయి టీ తాగొచ్చినా బిగించేవాడు, పక్కకెళ్ళి తుమ్మొచ్చినా బిగించేవాడు. చెక్క సుత్తితో టక్ టక్‌మని నాలుగు మూలలా తట్టి, తాళంచెవి ఒక పావు తిప్పు తిప్పి, అప్పుడుగానీ మిషను మీద చెయ్యేసేవాడు కాదు. ఇంటికొచ్చాక కూడా వీధి తలుపు గడియ, నీళ్ళ పంపు, అమ్మ సరిగా మూత పెట్టని సీసాలు, అన్నీ ఆయన చేతిలో ఇంకో పావు తిప్పు తిరగాల్సిందే. “మీ తమ్ముడు మూత పెట్టిన సీసా తియ్యడానికి ఊళ్ళో పహిల్వాన్లని పిలవాలి” అని అమ్మ నాన్నతో అనేది.

మాకు మూడు గదులు. ముందు గది బాబాయిది. ఒక ఇనప మంచం, గోడకి ఒక అద్దం, గూట్లో నాలుగు చొక్కాలు. వేళ్ళ చివర్లు ఎంత తోమినా నల్లగానే ఉండేవి. అక్షరాలు తిరగేసి చదవడం అలవాటై, నాన్న ఎదురుగా కూర్చుని పేపరు చదువుతుంటే ఇటునుంచి తలకిందులుగా వార్తలన్నీ ముందే చెప్పేసేవాడు. “మా వాడికి తిన్నగా ఉన్నదేదీ కనపడదు, తిరగేసి పెడితే మాత్రం తినేస్తాడు” అనేవాడు నాన్న. బాబాయి నవ్వేవాడు. చిన్న గొంతు, పెద్ద నవ్వు.

లెక్కలంటే నాకు చలిజ్వరం. ఆ సంవత్సరం హైస్కూలు ఆఖరి పరీక్ష. మిగతా అన్నిట్లో ఎలాగో గట్టెక్కేదాన్ని, లెక్కల దగ్గర మాత్రం నీళ్ళు నమిలేదాన్ని. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు, లెక్కల పుస్తకం చూస్తే ఆయనకి పని గుర్తొచ్చేది. బాబాయి చదివింది ఎనిమిదే. కానీ పదేళ్ళుగా బీజగణితం పుస్తకాలు పేర్చి పేర్చి ఆయన వేళ్ళకి బీజగణితం పట్టుబడింది. లెక్క చెయ్యడం అంతగా రాదు. లెక్క ఎలా కనపడాలో మాత్రం ఆయనకి తెలిసినట్టు మా టీచరుకి కూడా తెలియదు.

నాకు రేఖీయ బహుపదులు గుర్తుపట్టడం రాలేదు. టీచరు చెప్పిన నిర్వచనం బట్టీ పట్టాను, అది నోట్లో ఉంది గానీ కళ్ళలోకి రాలేదు. బాబాయి మంచం మీద కాగితం పరిచి చెప్పాడు.

“ముందు నిలబడ్డ అంకెని చూసి బెదరకు. తొంభైతొమ్మిది ఎక్స్ అయినా ఒకటే, ఉత్త ఎక్స్ అయినా ఒకటే. నువ్వు నెత్తి చూడు. ఎక్స్ నెత్తిన, వై నెత్తిన ఏం కూర్చుందో చూడు. అన్నిట్లోకీ పెద్దది ఏదో అదే దాని పరిమాణం. అది ఒకటైతే రేఖీయం. రెండో మూడో కూర్చుంటే మనది కాదు, వదిలెయ్.”

“నెత్తిన ఏమీ లేకపోతే?”

“ఏమీ లేకపోతే ఒకటి ఉన్నట్టు. ఒకటిని ఎవరూ అచ్చెయ్యరు.”

“మరి ఎక్స్ లేకుండా ఉత్త ఎనిమిది ఉంటే?”

“మనిషే లేనిచోట నెత్తెక్కడిది? అది సున్నా పరిమాణం. రేఖీయం కాదు.”

అంతే. పది నిమిషాలు. ఆ తర్వాత ఎన్ని రాసిచ్చినా ఒక్కటి కూడా తప్పు పోలేదు. “గుర్తున్నదాన్ని నమ్మకు, కనపడుతున్నదాన్ని నమ్ము. ప్రూఫులు చూసేవాడికి ఉండాల్సింది ఇదొక్కటే” అన్నాడు. ఆ మాట నేను నెత్తిన పెట్టుకున్నాను.

పరీక్షలకి మూడు వారాల ముందు ప్రెస్సు ముందు గేటు మూసేశారు. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. “పని ఎక్కువుంది వదినా” అని మాత్రం అన్నాడు బాబాయి అమ్మతో. నిజానికి లోపల మా పరీక్ష పేపర్లే అచ్చవుతున్నాయి. ప్రెస్సంతటికీ సెలవిచ్చి, ఫోర్‌మన్నూ బాబాయీ ఇద్దరే పని చేశారు. పేపరు గురించి బయట ఎవరితోనూ మాట్లాడబోమని ఇద్దరి చేతా సంతకాలు తీసుకున్నారు. వందమందిలోంచి బాబాయిని ఎంచుకున్నది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. బిగింపు కదా.

ఇక్కడినుంచి చెప్పేది నాకు పోయిన ఏడాది తెలిసింది. కానీ జరిగిన వరసలోనే చెబుతాను.

లెక్కల పేపర్లో ఒక బిట్టు ఇది. కింది వాటిలో రేఖీయ బహుపదులకు టిక్కు పెట్టుము: 3x + 5, 8, x² − 4, 6 − y. అన్నీ సరిగా పెడితేనే రెండు మార్కులు. టిక్కులు పేపరు మీదే పెట్టి, ఆ పేజీని జవాబుల కాగితాలకి కలిపి కుట్టి ఇచ్చెయ్యాలి. ఆ ప్రెస్సులో నెత్తిన పెట్టే అంకెలు విడిగా ఉండేవి కావు. చిన్న సైజు రెండుని ఏరి, దాని కింద సన్నటి సీసం ముక్క ఎత్తు పెట్టి, ఎక్స్ పక్కన నిలబెట్టాలి. సడలిందంటే మొదట ఊడేది అలాంటివే. ఆ పేజీ పొద్దున బాబాయే పేర్చాడు, బాబాయే బిగించాడు, సగం అచ్చు కొట్టాడు. మధ్యాహ్నం మిషను ఆపాడు.

ఆ రోజు క్యారేజీ నేనే తీసుకెళ్ళాను. ముందు గేటు మూసి ఉంటే సందులోంచి వెనక తలుపు దగ్గరికెళ్ళి కొట్టాను. బాబాయి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన తింటుంటే నేను పక్కన కూర్చుని నోటుపుస్తకం తీశాను. పాఠ్యపుస్తకం అభ్యాసంలోవే నాలుగు, టీచరు ముఖ్యమని గీత గీసి ఇచ్చింది.

“బాబాయ్, ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు. దీనికి నెత్తిన రెండుంది. కానీ మైనస్ కూడా ఉంది కదా. మైనస్ ఉంటే ఏమైనా తగ్గుతుందా?”

ఆయన చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. పొద్దున ఆయన వేళ్ళతో నిలబెట్టిన రెండు అది. నాకేం తెలుసు? నేను ఆయన మొహం వైపు కూడా చూడలేదు, పుస్తకంలోకి చూస్తున్నాను.

“తగ్గదు. నెత్తి చూడమన్నానా? అది రేఖీయం కాదు” అన్నాడు.

అప్పుడే ఫోర్‌మన్ గొంతు లోపలినుంచి వినపడింది. “ఎవరితోనయ్యా మాటలు?”

“ఎవరూ లేరు, మా ఇంటినుంచి క్యారేజీ వచ్చింది” అని లేచి, సగం తిన్న క్యారేజీ నా చేతిలో పెట్టి, “ఇంకెప్పుడూ ఇక్కడికి రాకు” అన్నాడు. ఆయన నన్ను అలా కసరడం అదే మొదటిసారి. నేను మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాను.

ఆయన లోపలికెళ్ళి నేరుగా మిషను మీద చెయ్యేశాడు. సుత్తి తీసుకోలేదు. నాలుగు మూలలా తట్టలేదు. తాళంచెవి తిప్పలేదు. పేపర్లో ఉన్న బిట్టుకి పరీక్ష రాయబోయే పిల్లకి జవాబు చెప్పొచ్చానన్న భయం తప్ప ఆయన తలలో ఇంకేమీ లేదట. పదిహేడేళ్ళలో ఫారం బిగించకుండా మిషను తిప్పింది ఆ ఒక్క పూటే.

సాయంత్రానికి కాగితాలన్నీ కట్టలు కట్టి, లక్క ముద్రలు వేసి, వ్యానులో తీసుకెళ్ళిపోయారు. తర్వాత ఆయన ఫారం విప్పి అక్షరాల్ని గూళ్ళలోకి సర్దుతుంటే ఎక్స్ పక్కన సీసం ముక్క ఉంది, రెండు లేదు. మిషను కింద రేకులో దొరికింది. ఎప్పుడు ఊడిందో తెలియదు. ఎన్ని కాగితాలు ఆ రెండు లేకుండా వెళ్ళాయో తెలియదు. ఫోర్‌మన్ చెయ్యి కడుక్కుంటున్నాడు. ఒక్క మాట చెబితే కట్టలు వెనక్కి వచ్చేవి. చెబితే ఎందుకు బిగించలేదని అడుగుతారు. మెట్ల మీద ఎవరితో మాట్లాడావు అంటారు. బాబాయి ఆ రెండుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

చివర్లో అచ్చయిన కట్టలు దగ్గరి స్కూళ్ళకి వెళ్ళాయి. మా స్కూలు ప్రెస్సుకి రెండు వీధుల అవతల.

పరీక్ష హాల్లో ఆ బిట్టు చూడగానే నాకు నవ్వొచ్చింది. టీచరు గీత గీసిన అభ్యాసమే. కానీ మూడోదాని నెత్తిన రెండు లేదు. x − 4 అని ఉంది. ఎక్స్‌కీ మైనస్‌కీ మధ్య కొంచెం ఖాళీ కూడా ఉంది. ఓహో, బట్టీ పట్టినవాళ్ళని పట్టుకోవడానికి మార్చి ఇచ్చారన్నమాట అనుకున్నాను. మళ్ళీ చూశాను. నెత్తి ఖాళీ. ఏమీ లేకపోతే ఒకటి ఉన్నట్టు. ఒకటికీ మూడుకీ నాలుగుకీ టిక్కులు పెట్టాను. లెక్కల పరీక్షలో నేను సంతోషంగా పెట్టిన టిక్కులు నా జన్మలో అవి మూడే.

బయటికొచ్చాక క్లాసు పిల్లలంతా ఒకటీ నాలుగూ అన్నారు. నేను మూడు కూడా అన్నాను. టీచరు వచ్చింది. “అది ఎక్స్ స్క్వేరే. నేను వందసార్లు చెప్పాను కదే” అంది. నెత్తిన ఏమీ లేదు టీచర్ అంటే అందరూ గొల్లుమన్నారు. వాళ్ళ కాగితాల మీద కూడా లేదేమో ఎవరికి తెలుసు, గుర్తున్నదానికి టిక్కు పెట్టొచ్చారు. నేనొక్కదాన్నే చూసి పెట్టాను. కాగితం చూపిద్దామంటే అది కుట్టి ఇచ్చేశాం.

ఇంటికొచ్చి బాబాయి కోసం వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఎవరు నమ్మకపోయినా ఆయన నమ్ముతాడని నా ధైర్యం. ఆయన చెప్పులు విప్పుతుండగానే మొత్తం చెప్పేశాను.

“నెత్తి మీద ఏమీ లేదు బాబాయ్. ఒట్టు. రెండుసార్లు చూశాను. ఎక్స్ పక్కన కాస్త ఖాళీ కూడా ఉంది.”

ఆయన వంగి చెప్పులు రెండూ గోడవారగా సర్దాడు. తర్వాత లేచి నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు.

“నువ్వు సరిగ్గా చూసుండవమ్మా.”

చెప్పకుండా ఊరుకున్నాడు అంటే నేను క్షమించేదాన్నేమో. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో ముప్పయ్‌మూడు. ముప్పయ్యయిదు వస్తే పాసు. మళ్ళీ రాసే అవకాశం ఉంది, నాన్న రాయమన్నాడు, అమ్మ రాయమంది. బాబాయి అయితే పరీక్ష ఫారం తెచ్చి, తనే నింపి, ఫోటో అంటించి, నా చుట్టూ తిరిగాడు. సంతకం ఒక్కటి పెట్టు అమ్మడూ అని బతిమాలాడు. అమ్మడూ అని నన్ను పిలిచేది ఆయనొక్కడే. నేను పెట్టలేదు. మొండితనం అనుకున్నారు అందరూ. మొండితనం కాదు. కళ్ళముందున్నది కళ్ళకి కనపడకపోతే ఇంక చదివేది దేంతో? మిగతావి తెలియక తప్పు పోయాను, వాటికి నాకు బాధ లేదు. ఆ ఒక్కటి నాకు వచ్చు. వచ్చినదాన్నే లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూశానంటే నా బుర్రలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. పదిహేనేళ్ళ పిల్ల అలాగే అనుకుంటుంది.

రెడీమేడ్ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో చేరాను. వచ్చిన ప్రతి చొక్కా కుట్లు, గుండీలు, కాలరు చూసి వదలాలి. అందరూ ఒకసారి చూస్తే నేను మూడుసార్లు చూసేదాన్ని. మొదట్లో సూపర్‌వైజరు “పెళ్ళిచూపులా ఏంటి?” అని వెక్కిరించేవాడు. తర్వాత నా చేతిలోంచి వెళ్ళిన చొక్కా ఒక్కటి కూడా వెనక్కి రాలేదని తెలిసి సెక్షన్‌కి పెద్దని చేశాడు. జాగ్రత్తపరురాలు అన్నారు. జాగ్రత్త కాదది, భయం. సందు చివరిదాకా వెళ్ళి పొయ్యి ఆపానో లేదోనని వెనక్కొస్తాను. ఆపే ఉంటుంది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వస్తాను. ఎదురుగా ఉన్న మనిషి కోపంగా ఉన్నాడని అనిపిస్తే, నాకే అలా అనిపించిందేమో అనుకుంటాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఇవాళ బాగున్నావు అంటే, అద్దంలో మూడుసార్లు చూసుకున్నానని ఇప్పటికీ ఏడిపిస్తాడు.

సీసం అచ్చు పోయి కంప్యూటర్లొచ్చాయి. ప్రెస్సు మూసేసినప్పుడు అక్షరాలన్నీ గోతాలకెత్తి కరిగించడానికి పంపేశారు. బాబాయి వాటి వెనకాల వీధి మలుపుదాకా నడిచి వెనక్కొచ్చాడని అమ్మ చెప్పింది. ఆ తర్వాత ఒక స్కూల్లో అటెండరుగా చేశాడు. అమ్మానాన్నా పోయాక మా ఇంటికి తీసుకొచ్చాను. అప్పటికే షుగరు ఆయన కళ్ళని తినేస్తోంది. అరవయ్యెనిమిదో ఏటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. మా ఇంట్లోనూ ఆయనది ముందు గదే. కనపడకపోయినా సీసాల మూతలన్నీ తడిమి ఇంకో పావు తిప్పు తిప్పేవాడు. నేను సెలవు రోజు మధ్యాహ్నం పేపరు చదివి వినిపించేదాన్ని. అడుగుల చప్పుడుని బట్టి వచ్చింది ఎవరో చెప్పేసేవాడు. నేనైతే చప్పుడు కూడా అక్కర్లేదు. “నువ్వొస్తే గదిలో గాలి మారుతుంది అమ్మడూ” అనేవాడు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం పేపర్లో చిన్న వార్త చదివాను. ఏదో పరీక్షలో ప్రశ్నపత్రంలో అచ్చుతప్పు దొర్లిందట, ఆ ప్రశ్నకి అందరికీ రెండేసి మార్కులు కలుపుతారట.

“మళ్ళీ చదువు” అన్నాడు. చదివాను. “ఇంకోసారి” అన్నాడు. చదివాను.

“అమ్మడూ, నా కళ్ళజోడు పెట్టె తీసుకురా.”

“ఇప్పుడు కళ్ళజోడెందుకు బాబాయ్?”

“తీసుకురా.”

పెట్టె తెరిచి, లోపలి మెత్తటి గుడ్డ అంచు గోటితో ఎత్తి, అడుగునుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. అంగుళం కూడా లేని సన్నటి సీసం పుల్ల. కొసన తిరగేసి ఉన్న రెండు.

“నీ పరీక్షలో ఎక్స్ మీద ఉండాల్సింది అది” అన్నాడు.

ఆ తర్వాత వరసగా అంతా చెప్పాడు. మెట్లు, క్యారేజీ, ఫోర్‌మన్ గొంతు, తియ్యని సుత్తి, మిషను కింద రేకు. నేను వింటూ ఉన్నాను. చివర అన్నాడు, “నువ్వు సరిగ్గానే చూశావమ్మా. ఖాళీ కూడా ఉంది. ఆ ఖాళీ ఎంతుంటుందో నాకు తెలుసు. కింద సీసం ముక్క పెట్టింది నేనే.”

“అప్పుడెందుకు చెప్పలేదు?”

“భయమేసింది. పేపరు బయటపెట్టానంటారు. నాతో పాటు నిన్నూ లాగుతారు, ఇంక ఏ పరీక్షా రాయనివ్వరు అనుకున్నాను. ఇంకోసారి రాస్తే నువ్వే పాసవుతావు, అక్కడితో పోతుంది అనుకున్నాను.”

“నేను రాయలేదుగా. అప్పుడు?”

“అప్పటికి నువ్వు పనిలో చేరిపోయావు.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్ష పోయినందుకు కాదు. పాసైతే ఏమయ్యేదాన్నో, ఏమీ అయ్యేదాన్ని కాదేమో. కానీ సందు చివరినుంచి పొయ్యి చూడ్డానికి వెనక్కొచ్చిన ఆ నడకలన్నీ ఎవరివి? నన్ను నేను నమ్మకుండా గడిపిన ముప్పయ్యయిదేళ్ళు ఎవరివి? గుర్తున్నదాన్ని కాదు, కనపడుతున్నదాన్ని నమ్మమని చెప్పిందీ ఆయనే, నమ్మితే కాదన్నదీ ఆయనే. ఆ రెండుని ఆయన మంచం మీద పడేసి వంటగదిలోకి వెళ్ళిపోయాను.

ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడలేదు. సేవ మానలేదు, అది నాకు చేతకాదు. స్నానం చేయించాను, బట్టలు మార్చాను, కలిపి నోటికి పెట్టాను. నోరు మాత్రం మెదపలేదు. “ఏంటి, ఇంట్లో రేడియో ఆగిపోయింది?” అన్నాడు మా ఆయన. ఆయనకీ చెప్పలేదు. బాబాయి మొదటి రెండు రోజులూ మాట కలపడానికి చూశాడు. ఇవాళ ఎండ ఎక్కువుందా అనేవాడు. నీ మోకాలు నొప్పి తగ్గిందా అనేవాడు. జవాబు లేకపోతే తలాడించి ఊరుకునేవాడు, అది న్యాయమే అన్నట్టు. ఆ తలాడించడం చూస్తే నాకు ఇంకా మండేది. కళ్ళున్న మనిషితో మాట్లాడకపోతే ఎదురుగా కనీసం మొహం ఉంటుంది, కోపమో ఏదో కనపడుతుంది. కళ్ళులేని మనిషితో మాట్లాడకపోతే ఆయనకి అసలు మనిషే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను. పదకొండు రోజులు.

పన్నెండో రోజు పొద్దున పనికి వెళ్ళేముందు గ్లాసులో టీ తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. చెప్పులు లేవు, చప్పుడు లేదు. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముందురోజునుంచి ఆయాసంగా ఉంది. నేను గుమ్మం దాటగానే మొహం ఎత్తాడు.

“అమ్మడూ?” అన్నాడు.

నేను ఆగిపోయాను. మూడడుగుల దూరం. ఊపిరి బిగపట్టాను.

“వచ్చావా?” అన్నాడు. చెయ్యి ముందుకి చాపాడు. గాలిలో అటూ ఇటూ తడిమాడు. ఆ చెయ్యి నా చీర అంచుదాకా వచ్చింది. నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను.

ఆయన చెవి ఒగ్గి కాసేపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

“వచ్చిందనుకున్నాను. నాకే సరిగ్గా తెలియలేదేమో.”

నేను గ్లాసుని రోజూ పెట్టే బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, వెనక్కి నడిచి, పనికి వెళ్ళిపోయాను. ఆ రోజు పొయ్యి చూడ్డానికి వెనక్కి రాలేదు. పదకొండింటికి చెకింగ్ సెక్షన్‌కి మా ఆయన ఫోను చేశాడు.

వెళ్ళేసరికి టీ అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. సీసం రెండు ఆయన కుడి పిడికిట్లో ఉంది. నేల మీద కూర్చుని ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. “నీకు సరిగ్గానే తెలిసింది బాబాయ్. నేను వచ్చాను. ఇక్కడే ఉన్నాను” అన్నాను. మూడుసార్లు అన్నాను. మా ఆయన నా భుజం పట్టుకుని లేపాడు.

ఆయన నాకు ముప్పయ్యయిదేళ్ళు ఆలస్యంగా చెప్పాడు. నేను ఆయనకి మూడు గంటలు ఆలస్యంగా చెప్పాను. ఆయన చెప్పింది నేను విన్నాను.